"అంతా కలే" అని తేలితే కథ వృథా అయిపోతుందా?

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: పాత హాలీవుడ్‌లో హీరో కలలో రోమ్‌కో బాగ్దాద్‌కో వెళ్ళిపోయే మ్యూజికల్ కామెడీలు ఉన్నాయి కదా, చివర్లో ఉలిక్కిపడి లేచి అదంతా కల అని తేల్చేస్తే అప్పటిదాకా చూసిన టైమ్ వేస్టే కదా, ఈ కాలంలో వాటిని కూర్చుని చూడటం అవసరమా?

అవసరమే. వృథా అనే మాటని నేను అస్సలు ఒప్పుకోను. ఈ రకం సినిమాల్లో నాకు బాగా తెలిసింది, నేను చాలాసార్లు చూసింది 1933 నాటి 'రోమన్ స్కాండల్స్'. అందుకే దాని గురించే చెప్తాను. ఈ సినిమా మా ఇంట్లో ఒక పని చేసింది, అది కూడా చెప్తాను.

శామ్యూల్ గోల్డ్‌విన్ నిర్మాత, ఫ్రాంక్ టటిల్ దర్శకుడు, ఎడ్డీ కాంటర్ హీరో. ఎడ్డీకి గుండ్రటి పెద్ద కళ్ళు, సన్నటి ఒళ్ళు, ఒక్క క్షణం నిలబడి ఉండలేడు, చప్పట్లు కొడుతూ గెంతుతూ పాడతాడు. అతనుండే ఊరు ఓక్లహోమాలో వెస్ట్ రోమ్ అనే కల్పిత పట్టణం. కిరాణా కొట్టు సరుకులు ఇళ్ళకి చేరవేసే కుర్రాడు. రోమ్ చరిత్ర అంటే పిచ్చి, ఊరి మ్యూజియంలోనే పడుకుంటాడు. ఆ ఊళ్ళో కూపర్ అని ఒక పెద్దమనిషి ఉంటాడు, డబ్బూ అధికారులూ అన్నీ అతని చేతిలోనే. కొత్త జైలు కట్టాలని పేదవాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయిస్తాడు. ఎడ్డీ ఎదురు మాట్లాడితే అతన్ని ఊళ్ళోంచే తరిమేస్తారు. రోడ్డు పట్టుకుని నడిచి నడిచి కలలోకి జారిపోతాడు, కళ్ళు తెరిచేసరికి అసలు రోమ్‌లో ఉంటాడు. బానిసల సంతలో అమ్ముడుపోతాడు, పేరు ఈడిపస్ అయిపోతుంది, చివరికి వలేరియస్ అనే చక్రవర్తి దగ్గర భోజనం రుచి చూసే ఉద్యోగంలో పడతాడు. అంటే విషం ఉంటే ముందు తను చావాలన్నమాట.

ఇంతవరకు వింటే మామూలు కామెడీలాగే ఉంటుంది. నాకూ మొదటిసారి చూసినప్పుడు రోమ్ భాగమే సినిమా అనిపించింది, రథాలు, విషం, చక్రవర్తి, అదే సరదా అనుకున్నాను. నాన్నతో కలిసి చూశాక నా దృష్టి మొత్తం మొదటి ఇరవై నిమిషాల మీదకి పోయింది.

నాన్న చిన్నప్పుడు గోదావరి జిల్లాలో ఒక కిరాణా కొట్లో పని చేశారు. పొట్లాలు కట్టడం, సైకిల్ మీద సరుకులు ఇళ్ళకి చేర్చడం. ఆ సంగతి మాకు తెలుసు, కానీ ఆ రోజుల గురించి పెద్దగా మాట్లాడేవారు కాదు. కంటి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు నా దగ్గర ఉన్నారు. డాక్టరు టీవీ కొంచెం కొంచెంగా చూడొచ్చన్నారు. నాన్నకి పాత నలుపు తెలుపు సినిమా అంటే ప్రాణం, ఏ భాషైనా పర్వాలేదు. ఒక సాయంత్రం ఈ సినిమా పెట్టాను. ఇంగ్లీషు మరీ వేగంగా ఉంటే నేను ఆపి ఒక ముక్క చెప్పడం, ఆయన "ఊ, పెట్టు" అనడం. కిరాణా కుర్రాడు అనగానే కొంచెం ముందుకి జరిగి కూర్చున్నారు.

అప్పుడు ఇళ్ళు ఖాళీ చేయించే సీన్ వచ్చింది. పేదవాళ్ళ సామానంతా వీధిలో పడి ఉంటుంది. కుర్చీలు, బల్లలు, మంచాలు, వంటసామాను. ఎడ్డీ వచ్చి వాళ్ళని ఓదారుస్తాడు, ఇక్కడే ఉందాం, ఇక్కడే ఇల్లు కట్టుకుందాం అంటూ పాట ఎత్తుకుంటాడు. 'బిల్డ్ ఎ లిటిల్ హోమ్' అని ఆ పాట. జనం సామాను సర్దుకుని నడివీధిలోనే కాపురం పెట్టేస్తారు, ఇది వంటిల్లు, ఇది పడగ్గది అన్నట్టు. గోడలు ఉండవు అంతే. చూడటానికి భలే సరదాగా ఉంటుంది, నేను నవ్వుతున్నాను. నాన్న నవ్వలేదు.

"ఆపమ్మా ఒకసారి" అన్నారు.

ఆపాను. కళ్ళు నొప్పేమో అని కంగారుపడి చుక్కల మందు తేబోయాను. "కళ్ళకేం కాలేదు, కూర్చో" అని, నేను ఎప్పుడూ వినని కథ చెప్పారు. ఆయనకి పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు రోడ్డు వెడల్పు చేస్తామని వాళ్ళు అద్దెకుంటున్న వరస ఇళ్ళు పడగొట్టారట. ముందు చెప్పారో లేదో ఆయనకి గుర్తులేదు, ఇంటి ఓనరుకి చెప్పి ఉంటారు, అద్దెకున్నవాళ్ళకి ఎవరు చెప్తారు. కొట్టు నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఇంటి ముందు గోడ లేదు. నాన్నమ్మ మంచాలు, ట్రంకు పెట్టె, బిందెలు అన్నీ వేపచెట్టు కింద పేర్చి, ఇటుకలతో పొయ్యి పెట్టి అన్నం వండుతోంది. ఆయన్ని చూసి "కాళ్ళు కడుక్కుని రా, వడ్డిస్తా" అంది. ఎక్కడ కడుక్కోవాలి? పంపు ఉన్న గోడే లేదు. అయినా ఆయన వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చి, రోడ్డు మీద పీట వేసుకుని తిన్నారు. చుట్టూ జనం నడుస్తూనే ఉన్నారు. మళ్ళీ కొట్టుకి టైముకి వెళ్ళారు, లేకపోతే ఆ పూట కూలి కోసేస్తారు. రెండు మూడు రాత్రులు ఆ చెట్టు కిందే పడుకున్నారట. "మా అమ్మ ఏడవలేదమ్మా, చీపురు తీసుకుని ఆ రోడ్డు ముక్కని ఊడ్చి ముగ్గు పెట్టింది" అన్నారు.

ఇన్నేళ్ళలో ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదు. అమ్మకి కూడా సగమే తెలుసట. నాన్నమ్మ ఫోటో మా హాల్లోనే ఉంది, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఆవిడ నడిరోడ్డు మీద ముగ్గు పెట్టిన మనిషని నాకు తెలియదు. అమెరికాలో ఎప్పుడో తీసిన సినిమా వచ్చి చెప్పించింది. ఇంకెవరైనా నాతో "అదంతా కలే కదా, వేస్ట్" అంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

తర్వాత నాన్న "పెట్టు, ఆ కుర్రాడు ఏం చేస్తాడో చూద్దాం" అన్నారు. మిగతాదంతా చూశారు. విషం సీన్‌కి మాత్రం కడుపు పట్టుకుని నవ్వారు. చక్రవర్తి భార్య అగ్రిప్పా మొగుణ్ణి చంపాలని చూస్తుంటుంది. వండిన పిట్టలు రెండు, ఒకదాని మీద కొత్తిమీర లాంటి ఆకు పెట్టి ఉంటుంది, దాన్నిబట్టి దేంట్లో విషం ఉందో గుర్తుపెట్టుకోమని ఎడ్డీకి చెప్తుంది. వాడు ఆకున్నది విషమా, ఆకు లేనిది విషమా అని గొణుక్కుంటూ తిరిగి మొత్తం కలిపేస్తాడు. మాటల మీదే నడిచే సీన్ అయినా నాన్నకి నేనేం చెప్పాల్సిన పని రాలేదు. ఎడ్డీ మొహం చూస్తే చాలు, ఇప్పుడు దేన్ని తింటాడో అని మనకే టెన్షన్ పుడుతుంది.

ఇక ప్రశ్నకి వస్తాను. కలని మోసం అనుకునేవాళ్ళు ఈ సినిమా వచ్చిన కాలాన్ని చూడాలి. 1933లో అమెరికాలో పని చేయగలిగిన నలుగురిలో ఒకరికి పని లేదు. ఆ మార్చిలో రూజ్వెల్ట్ అధ్యక్షుడు అవగానే చేసిన మొదటి పనుల్లో ఒకటి దేశంలో బ్యాంకులన్నీ కొన్నాళ్ళు మూయించడం. ఇళ్ళు పోయినవాళ్ళు ఊళ్ళ చివర రేకులు, అట్టపెట్టెలతో గుడిసెలు వేసుకుంటే వాటికి అంతకుముందు అధ్యక్షుడి పేరు మీద హూవర్‌విల్ అని పేరు పెట్టారు. ఆ డిసెంబరులో ఈ సినిమా విడుదలైంది. హాల్లో కూర్చున్నవాళ్ళలో అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు, రేపు చేయాల్సినవాళ్ళు తప్పకుండా ఉండి ఉంటారు. వాళ్ళకి వీధిలో పడున్న కుర్చీ జోక్ కాదు.

అలాంటివాళ్ళ ముందు ఒక కిరాణా కుర్రాడు ఊరి పెద్దని నేరుగా ఓడించినట్టు చూపిస్తే ఎవరు నమ్ముతారు? నమ్మరు. అదే కుర్రాణ్ణి రోమ్‌కి పంపి, చక్రవర్తి ఎదురుగా నిలబెట్టి, ప్రాణం మీదకి తెచ్చి, రథం ఎక్కించి పరిగెత్తిస్తే నమ్ముతారు, ఎందుకంటే కల అని ముందే చెప్పారు. చక్రవర్తి ముందు నోరు విప్పినవాడికి కూపర్ ఒక లెక్కా? కలలో వచ్చిన ధైర్యం మెలకువలో పనికొస్తుంది. చివర్లో ఎడ్డీ లేచాక కూపర్ లంచం బయటపెట్టే చెక్కు దొరుకుతుంది, ఊరికి ఆ పీడ వదులుతుంది. కథ మొదలైంది వెస్ట్ రోమ్‌లో, తేలింది వెస్ట్ రోమ్‌లో. రోమ్ మధ్యలో వచ్చిన దారి. కల అయిపోతే కథ అయిపోయింది అనేవాళ్ళు అసలు సినిమా ఎక్కడ ఉందో చూడలేదని నా అభిప్రాయం, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

ఇదొక్కటే కాదు. 1931లో విల్ రోజర్స్‌తో తీసిన 'ఎ కనెక్టికట్ యాంకీ'లో రేడియోలు బాగుచేసే మనిషి దెబ్బ తగిలి స్పృహ తప్పి ఆర్థర్ రాజు కాలానికి వెళ్తాడు, అది మార్క్ ట్వేన్ 1889 నాటి నవలలోంచి వచ్చింది. మళ్ళీ ఎడ్డీ కాంటరే 1937లో 'అలీ బాబా గోస్ టు టౌన్'లో బాగ్దాద్ కల కని, సుల్తానుకి రూజ్వెల్ట్ పథకాలు నేర్పిస్తాడు. 1939 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' అందరికీ తెలుసు. అసలు పుస్తకంలో డొరొతీ నిజంగానే ఆ దేశం వెళ్ళొస్తుంది, కల చేసింది సినిమావాళ్ళు. పొలంలో పనివాళ్ళే అక్కడ దిష్టిబొమ్మ, రేకుమనిషి, సింహంగా కనిపిస్తారు. దాన్ని ఎవరూ వృథా అనరు మరి! రంగుల్లో ఉంది కాబట్టి, చిన్నప్పుడు చూశారు కాబట్టి. నలుపు తెలుపులో ఉన్న ఎడ్డీ కాంటర్‌కి మాత్రం లాజిక్ పరీక్ష పెడతారు. మన దగ్గర 1977లో 'యమగోల'లో రామారావుగారు యమలోకం వెళ్ళి భూలోకం గొడవలన్నీ అక్కడ పెడితే జనం విరగబడి చూశారు. అక్కడ లాజిక్ అడిగిన ప్రేక్షకుణ్ణి నేను చూడలేదు. అడ్డదారిలో చెప్తే చెప్పాల్సింది గట్టిగా చెప్పొచ్చు, అది ఏ భాషవాళ్ళకైనా తెలిసిన పద్ధతే.

ఎడ్డీ కాంటర్ గురించి ఒక మాట. 1892లో న్యూయార్క్‌లో పుట్టాడు, చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే లోయర్ ఈస్ట్ సైడ్‌లో అమ్మమ్మ పెంచింది. 1929 స్టాక్ మార్కెట్ కూలినప్పుడు సంపాదించిందంతా పోగొట్టుకున్నాడు. ఈ సినిమా వచ్చిన ఏడాదే నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్‌కి అధ్యక్షుడు అయ్యాడు. తర్వాత పోలియో కోసం చిల్లర డబ్బులు పంపమని రేడియోలో జనాన్ని అడిగే 'మార్చ్ ఆఫ్ డైమ్స్' ఉద్యమానికి ఆ పేరు పెట్టింది ఇతనే. అందుకే వీధిలో పడ్డ సామాను మధ్య అతను పాడుతుంటే నాకు నటనలా అనిపించదు.

తప్పులు కూడా చెప్పాలి, దాచిపెట్టి చూడమంటే అన్యాయం. ఇందులో ఎడ్డీ మొహానికి నల్లరంగు పూసుకుని ఆఫ్రికావాడిలా నటించే భాగం ఉంది. 'కీప్ యంగ్ అండ్ బ్యూటిఫుల్' అనే పాట, ఆడవాళ్ళ స్నానశాలలో. బాణీ బాగుంటుంది, కానీ ఆ రంగు పూసుకోవడం చూడలేం. నల్లవాళ్ళని ఎగతాళి చేయడం అప్పట్లో స్టేజీ మీద మామూలైపోయింది, ఎడ్డీ కూడా స్టేజీ నుంచే వచ్చాడు. మామూలు అన్నంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. పైగా ఆ పాట ఆడదానికి అందం తప్ప ఇంకేం అక్కర్లేదని చెప్తుంది. పిల్లలతో చూస్తే ఆ సీన్ దాటేయకండి, ఆపి ఇది ఎందుకు తప్పో చెప్పండి.

ఇంకొకటి బానిసల సంత. పాటలు తీసింది బస్బీ బర్క్‌లీ, అదే ఏడాది వార్నర్ స్టూడియోలో '42వ వీధి', '1933 గోల్డ్ డిగ్గర్స్' పాటలతో పేరు మోగిపోయిన మనిషి. ఇందులో గొలుసులతో కట్టేసిన అమ్మాయిలు, ఒంటి మీద పొడుగాటి బంగారు రంగు విగ్గులు తప్ప ఏమీ లేనట్టు కనిపిస్తారు. మరుసటి ఏడాది, 1934 జులై నుంచి సెన్సారు నియమాలు గట్టిగా అమలు చేశారు, ఆ తర్వాతైతే ఇది బయటికి వచ్చేది కాదు. దీన్ని అందమైన దృశ్యం అని పొగిడే రాతలు చాలా చదివాను. నాకు అందం కనిపించదు. ఆ సీన్‌లో రూత్ ఎటింగ్ 'నో మోర్ లవ్' పాడుతుంది, ఆ గొంతులో బాధ నిజంగా ఉంటుంది, నేను ఆ పాట కళ్ళు మూసుకుని వింటాను. అంత పెద్ద గాయనిని తెచ్చి దాదాపు ఆ ఒక్క పాటతో సరిపెట్టడం ఘోరం. ఆ అమ్మాయిల గుంపులోనే ఇరవై రెండేళ్ళ లూసిల్ బాల్ ఉంది, తర్వాత టీవీలో 'ఐ లవ్ లూసీ'తో దేశాన్నంతా నవ్వించిన ఆవిడే. రాకుమారి సిల్వియాగా వేసిన గ్లోరియా స్టూవర్ట్ మీకూ తెలుసు, 1997 'టైటానిక్'లో ముసలి రోజ్ ఆవిడే. నాన్నకి ఈ సంగతి చెప్తే ఆశ్చర్యపోయి టైటానిక్ ఫోటో తీయించి పక్కపక్కన పెట్టి చూశారు. "కళ్ళు అవే" అన్నారు.

ఫొటోగ్రఫీ గ్రెగ్ టోలండ్, 1941లో 'సిటిజన్ కేన్'కి కెమెరా పట్టిన ఆయన. చివరి రథాల పరుగు చూడండి, 1925 మూకీ 'బెన్ హర్' రథాల పందేన్ని వెక్కిరిస్తూ తీశారు, ఎడ్డీ రథం ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంటే వాడు పట్టుకుని వేలాడుతుంటాడు. ఈ సీన్ని ఫోన్లో చూస్తే సగం పోతుంది. ఇక్కడే నాకు ఇంకో కోపం. పాత సినిమా అంటే ఎవరికీ లెక్కలేదు. దాదాపు చదరంగా ఉండాల్సిన బొమ్మని పక్కలకి సాగదీసి పెడతారు, మనుషులంతా పొట్టిగా లావుగా కనిపిస్తారు, లేదా పైనా కిందా కోసేస్తారు, నర్తకుల తలలు ఉండవు. కొందరు కృత్రిమంగా రంగులు పులిమి అదే ఘనకార్యం అనుకుంటారు. చూసేవాళ్ళేమో పాట రాగానే పది సెకన్ల బటన్ నొక్కేస్తారు. మ్యూజికల్‌లో పాట తీసేస్తే ఏం మిగులుతుంది? ఈ సినిమాలో ఇళ్ళు పోయిన సంగతి మనకి తగిలేది పాటలోనే, హ్యారీ వారెన్ బాణీ, ఆల్ డూబిన్ మాటలు. అది దాటేసి "కథ లేదు" అని రాసేవాళ్ళకి నేను జవాబు కూడా ఇవ్వను.

మధ్యలో రాజభవనం సీన్లు కొంచెం సాగుతాయి, నిజమే. రాకుమారి సిల్వియాతో జోసెఫస్ అనే రోమ్ కుర్రాడి ప్రేమకథ నాకు ఎప్పుడూ ఎక్కలేదు, ఆ వేషం వేసిన డేవిడ్ మానర్స్ చక్కగా ఉంటాడు తప్ప చేయడానికి ఏమీ లేదు. అక్కడ కాఫీ పెట్టుకోవచ్చు.

చూడాలనుకుంటే మొత్తం గంటన్నర. బొమ్మ సాగదీయని ప్రింట్ వెతకండి, టీవీ మీద పెట్టండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, వీధిలో సామాను సీన్ దగ్గర వాళ్ళు ఆపమంటే ఆపండి. ఇది నచ్చితే వరసలో 'కిడ్ మిలియన్స్' చూడండి, 1934, అదీ ఎడ్డీదే, చివర్లో ఐస్‌క్రీం ఫ్యాక్టరీ పాట ఒక్కటీ రంగుల్లో వస్తుంది. నాన్న ప్రస్తుతం ఊళ్ళో ఉన్నారు, పండక్కి వచ్చినప్పుడు అది చూద్దామని అనుకున్నాం.